పసుపు తలుపు గది

గేటు తెరిచేది తొమ్మిదింటికి.
మీరు ఎనిమిదిన్నరకే రండి.
ఆ అరగంటా ఎండ మీ పక్షాన ఉంటుంది,
తర్వాత మాట ఇవ్వలేను.

నా పేరు జులైడ.
జెయింట్ వీల్ వెనక, పసుపు తలుపు గదిలో
తప్పిపోయిన పిల్లలకి కుర్చీ వేయడం నా ఉద్యోగం.
పదిహేడేళ్ళయింది.
మీనాస్ కొండల నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని
మెడలు పట్టేసి దిగే మీలాంటివాళ్ళని చూసీ చూసీ
నాలుగు మాటలు పోగేశాను. వింటే వినండి.

బిడ్డ ముంజేతి మీద ఫోన్ నంబరు రాయండి,
పైన రంగులేని గోళ్ళరంగు ఒక పూత వేయండి.
లేకపోతే మధ్యాహ్నానికి ఆరూ తొమ్మిదీ
చెమటలో కలిసిపోతాయి.
మీ పేరు కూడా నేర్పించి తీసుకురండి.
"మీ అమ్మ పేరేంటి తల్లీ?" అంటే "అమ్మ" అంటారు.
ఆ పేరు పట్టుకుని మైకులో పిలిచానంటే
సగం పార్కు నా గుమ్మంలో ఉంటుంది.

ఎత్తు ఇంట్లోనే, తలుపు చెక్కకి ఆనించి కొలవండి.
గంటసేపు వరసలో నిలబెట్టాక కాదు.
పోయిన జనవరిలో బెనీసియు అని ఒకడు,
గీతకి రెండు వేళ్ళు తక్కువ.
వాళ్ళ నాన్న బూట్లలో టికెట్లు మడిచి కుక్కాడు,
నీళ్ళు రాసి జుట్టు నిలబెట్టాడు.
గీత దగ్గరుండే జురండీర్ అంతా చూశాడు,
ఏమీ అనలేదు. మోకాళ్ళ మీద కూర్చుని
"వచ్చే ఏడు కూడా నేనిక్కడే ఉంటాలే" అన్నాడు.
పిల్లాడు సరేనన్నాడు.
నాన్నే ఫిర్యాదు పుస్తకం అడిగాడు.

అన్నం పదకొండింటికే పెట్టేయండి, వద్దన్నా సరే.
పన్నెండు దాటితే ఆకలికీ ఏడుపుకీ తేడా తెలియదు,
వాళ్ళకే కాదు, మీకూ.
చీజ్ రొట్టెలు ఇంటి నుంచే తెచ్చుకోండి, ఒక జామ బిళ్ళ కూడా.
మూడింటికి వాన వస్తుంది. వస్తుందంటే వస్తుంది.
లోపల వానకోటులు అమ్మేవాడు నా తమ్ముడి కొడుకే,
అయినా చెబుతున్నా, బస్టాండు దగ్గర సగం ధర.
మేజోళ్ళు రెండు జతలు.
తడిసిన మేజోళ్ళతో నడిచే పిల్ల కంటే
బరువైన పిల్ల ఈ లోకంలో ఉండదు.

అన్ని రైడ్లూ ఎక్కించాలని పంతం పట్టకండి.
రాత్రి బస్సులో ఏం బాగుందని అడిగితే
తొక్కితే నీళ్ళొచ్చే కుళాయి బాగుందంటారు.
టికెట్టు డబ్బులు గుర్తొచ్చి మొహం మాడ్చకండి.
ఆ కుళాయి నిజంగానే బాగుంటుంది.

ఇంకో సంగతి.
నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది తప్పిపోయినవాళ్ళు కారు.
బాతుని చూస్తూ ఆగిపోయినవాళ్ళు.
మ్యాపు చూసుకుంటూ
నడిచి వెళ్ళిపోయేది మీరు.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ
ఒకాయన వచ్చి, ఎవరూ చెప్పకుండానే
పిల్లల కుర్చీలో కూలబడ్డాడు, మోకాళ్ళు గడ్డం దాకా.
"మా ఇయారా వచ్చిందా?"
ఇంకా లేదన్నాను. మంచినీళ్ళిచ్చాను.
పిల్లలకిచ్చే ఏనుగు బొమ్మ కూడా ఇచ్చాను,
అలవాటు చొప్పున. తీసుకున్నాడు.
పావుగంటకి, చీపురు మోసే వాల్దెమార్ వేలు పట్టుకుని
నాలుగేళ్ళ పిల్ల వచ్చింది, చెక్కుచెదరకుండా.
గుమ్మంలో నిలబడి నన్నే అడిగింది:
"మా నాన్న తప్పిపోయాడు. ఇక్కడికొచ్చాడా?"

ఆ సాయంత్రం రిజిస్టరులో
పేరు గడిలో ఒతావియు అని రాశాను.
వయసు ముప్పై ఎనిమిది. చారల చొక్కా.
ఎవరు తీసుకెళ్ళారు అన్నచోట ఇయారాని
ఒక గీత గీయమన్నాను. బాతుని గీసింది.

గేటు ఆరింటికి మూస్తారు.
పసుపు తలుపు, గుర్తుంచుకోండి, తట్టక్కర్లేదు.
ఫ్యానుకింది కుర్చీకి మాత్రం ఒక కాలు వదులు,
దాంట్లో కూర్చోకండి.